వృద్ధశుశ్రూష : ఆశ్రమవాసపర్వ విమర్శనము

మహాభారతమునందలి 18 పర్వములలో 15వది యాశ్రమవాసపర్వము. శాంత్యనుశాసనపర్వముల ధర్మోపదేశములును అశ్వమేధకథయు ముగిసినపిదప, యాదవకులక్షయమునకును మహాప్రస్థానమునకును ముందు, ఇది చిన్నదై యడఁగియున్నది. విరాటపర్వము మొదలుకొని 15 పర్వములను దెనిఁగించి హరిహరనాథున కంకితము చేసిన తిక్కనసోమయాజి దీనినిగూడ నాంధ్రులకు నొసఁగెను. ఐనను విరాటోద్యోగపర్వములకుఁ గల ప్రచారములో శతాంశమైన దీనికి లేదు. చదువరులు యుద్ధకథ ముగిసినంతనే గ్రంథము ముగిసినట్లు తలఁచి, తక్కిన పర్వముల పుటలను వడిగాఁ ద్రిప్పుటయే తఱచు. కాని మన కావ్యములలో నరుదుగాఁ గానవచ్చు నొక విషయ మీ పర్వమునఁ బ్రధానమై యున్నది. అది వృద్ధులకు వృద్ధులే చేసిన పరిచర్య.

వృద్ధులను సేవించుట మన కావ్యములకుఁ గ్రొత్త కాదు. అంధులైన తల్లిదండ్రులకు నీరు దేఁబోయి దశరథుని బాణమునకు గుఱియైన మునికుమారుఁడు రామాయణమునఁ గలఁడు. వాల్మీకి యాతనికిఁ బేరిడలేదు. లోకము శ్రవణుఁడని పిలుచుచున్నది. తండ్రి ముదిమిని దాను గైకొని తన యౌవనమును ధారవోసిన పూరుఁడు భారతముననే కలఁడు. ఈ కథలలో సేవ చేయువాఁడు యువకుఁడు, సేవ నందువాఁడు వృద్ధుఁడు. బలము గలవానినుండి బలము లేనివానికి సాయము చేరుచున్నది. ఆశ్రమవాసపర్వమున నట్లు గాదు. సేవించునదియు ముదుసలియే, సేవింపఁబడువారును ముదుసళ్లే. ఒకరి కిచ్చిన బలము మఱియొకరినుండి మరల వచ్చుచోటు లేదు.

వృద్ధశుశ్రూష యను సమాసమునకు రెండు విగ్రహములు పొసఁగును. వృద్ధులను శుశ్రూషించుట యనినఁ గర్మార్థమున షష్ఠి. వృద్ధులు శుశ్రూషించుట యనినఁ గర్త్రర్థమున షష్ఠి. కృదంతయోగమునఁ గర్తృకర్మలు రెంటికిని షష్ఠి విహితమని పాణినీయము చదివినవా రెఱుఁగుదురు. లోకమున మొదటి యర్థమే రూఢమైనది. రెండవది వినువారికిఁ దోఁపనైనఁ దోఁపదు. ఈ పర్వమో, రెండర్థములను నొక్కచోఁ గూర్చి చూపుచున్నది. కుంతి చేసిన సేవను గొనియాడినవారు పెక్కండ్రు. ఆ సేవ చేసిన దేహ మేమయ్యెనని యడిగినవా రరుదు. ఆ ప్రశ్నను వ్యాసమహర్షి మఱవలేదనియు, దానికి బదులు పర్వములోనే యున్నదనియు నిరూపించుట కష్టము కాదు.

కథ సంక్షేపముగా నిది. యుద్ధానంతరమున ధృతరాష్ట్రుఁడు 15 ఏండ్లు హస్తినాపురమున ధర్మరాజు నాదరమున నుండెను. ధర్మజుఁడు పెదతండ్రికిఁ గొఱఁత రానీయలేదు. భీముఁ డొక్కఁడుమాత్రము, అన్న యెఱుఁగకుండ, వృద్ధరాజునకు వినఁబడునట్లు భుజములు చఱచి, యీ భుజములే యంధుని కొడుకులను గడతేర్చినవని పలుకుచుండెను. ధృతరాష్ట్రుఁడు మనసు విఱిగి, యొరు లెఱుఁగకుండ నాహారము తగ్గించుకొని, నేలపైఁ బవ్వళించుచు వచ్చెను. ఆ యుపవాసము గాంధారి యొక్కతెయే యెఱుఁగును. తుద కొకనాఁడు వనవాసమున కనుజ్ఞ వేఁడుచు, మాటాడుచునే సొమ్మసిల్లి యామెపై నొఱగెను. ఇనుపభీముని నుగ్గుచేసిన బలశాలి నేఁ డొక స్త్రీ నూఁతగాఁ గొని ప్రాణము లేనివానివలె నున్నాఁడే యని ధర్మరాజు వగచి, చన్నీటఁ దడిపిన చేతితో నాతని ఱొమ్మును మోమును నిమిరెను. ఆ చేతి స్పర్శచేతనే తాను దేఱితినని వృద్ధుఁడు పలికెను.

ఈ ఘట్టమును గరుణరసోదాహరణముగాఁ జదివి విడుచుట చాలదు. ఇందు రెండు విషయము లున్నవి. ఒకటి, కవి ముదిమిని వర్ణించుటకు నెరసిన వెండ్రుకలను ముడుతలను జెప్పక, యొకరిపై నొకరు ఆనుకొనుటను జెప్పినాఁడు. రెండవది, ఆనుకొన్నవానిని లోకము చూచినది గాని, యాఁనికయైన గాంధారిని జూడలేదు. ధర్మజుని వగపంతయు రాజును గుఱించియే. నూర్గురు కొడుకులను గోల్పోయి, భర్త యుపవాసమును గుట్టుగా దాఁచి, యాతని బరువును దాల్చిన యామె శ్రమ మాటలలోనికి రాలేదు. పర్వమంతట నిదే తీరు నడచును. మోయఁబడువారిపైఁ జూపు నిలుచును. మోయువారి సంగతి యొక్కొక్క పదములోనే సూచితమగును.

వ్యాసుఁడు వచ్చి నచ్చఁజెప్పఁగా ధర్మరాజు సమ్మతించెను. కార్తికపౌర్ణమినాఁడు ప్రయాణము. పురజను లెల్ల వీథులఁ గ్రమ్ముకొని చూచుచుండఁగా వృద్ధులు వెడలిన తీరును కవి యొక్క శ్లోకమునఁ జిత్రించినాఁడు. ముందు కుంతి నడచుచున్నది. కన్నులకు గంతఁ గట్టుకొన్న గాంధారి యామె మూఁపుపైఁ జేయి వైచి వెంట నడచుచున్నది. గాంధారి మూఁపుపైఁ జేయి వైచి ధృతరాష్ట్రుఁడు నడచుచున్నాఁడు. ముగ్గురు వృద్ధులకు నున్నవి రెండు కన్నులు. కడపటివానికి నడుమనున్నయామె యూఁత, నడుమనున్నయామెకు ముందున్నయామె యూఁత. ముందున్నయామె కూఁత లేదు. ఈ వరుసయే పర్వమునకెల్ల సూత్రము వంటిది. తక్కిన కథ దానికి వృత్తి.

ఇచట గాంధారి పాతివ్రత్యమును గుఱించి యొకమాట చెప్పవలసియున్నది. భర్తకు లేని చూపు తనకు వలదని యామె కట్టుకొన్న గంత లోకోత్తరమైన త్యాగమని ప్రసిద్ధి. యౌవనమున, దాసీజనముతో నిండిన రాజగృహమున, ఆ వ్రతమునకు వెల యెవరికిని గానరాలేదు. వార్ధకమున నడవిత్రోవలో నది కానవచ్చెను. భర్తకుఁ గన్నులు కాఁదగిన యామె తానే నడిపింపఁదగినదాయెను. ఒక యంధుని నడిపింపవలసినచోట నిద్దఱిని నడిపింపవలసివచ్చెను. ఆ భారము తోడికోడలిపైఁ బడెను. ఒకరి వ్రత మెంత పవిత్రమైనను, దాని బరువు మఱియొకరి మూఁపుపైఁ బడునేని, ఆ మూఁపునుగూడ లెక్కింపవలయును. వ్యాసుఁడు గాంధారిని నిందింపలేదు. ఆమె చేతిని కుంతి మూఁపుపై నుంచి యూరకుండెను. ఆ యూరకుండుటలోనే యర్థమున్నది.

కుంతి వయస్సు గ్రంథమున నంకెలతోఁ జెప్పఁబడలేదు, ఊహింపవచ్చును. అర్జునుని కొడు కభిమన్యుఁడు, అభిమన్యుని కొడుకు పరీక్షిత్తు. యుద్ధము ముగిసినపిదపఁ బుట్టిన యాతఁ డీ ప్రయాణకాలమునకుఁ బదునైదేండ్ల ప్రాయమువాఁడు. కాన కుంతి మునిమనుమఁడు ప్రాయమునకు వచ్చుచుండఁగాఁ జూచిన ముదుసలి. ఆమె తమతోఁ గడపటిదాఁక వచ్చునని కొడుకు లెఱుఁగరు. సాగనంపుటకు వచ్చుచున్నదని తలఁచిరి. ధర్మరాజు మరలుమనఁగా నామె మరలలేదు. సహదేవుని బ్రేమతోఁ జూచుకొమ్మనియు, కర్ణుని మఱవవలదనియుఁ జెప్పి, యడవిలోఁ దన యత్తమామల పాదములను గొలుచుచు నుందు ననెను.

ఈ యత్తమామలన్న పదము విచారింపఁదగినది. ధృతరాష్ట్రుఁడు పాండురాజున కన్న, కుంతికి బావ. గాంధారి తోడికోడలు. వరుసచే నత్తమామలు కాకున్నను, పెద్దఱికముచే నామె వారి నట్లు భావించినది. మఱియును, శ్వశురశబ్దము శ్వశ్రూశబ్దముతోఁ గూడినపుడు శ్వశురశబ్దమే శేషించుట వికల్పముగాఁ బాణిని యనుశాసించెను. ఏకశేషము చేసినచో మామపేరే మిగిలి, అత్త దానియం దడఁగిపోవును. మూలమునఁ గుంతి మాటలయం దేకశేషము లేదు, ద్వంద్వమున్నది, అందు నత్తయే ముందున్నది. ఛందోవశమున నట్లు పడినదని యెవరైన ననవచ్చును. కాని కథ నడచిన తీరు చూడఁగా, కుంతి సేవయం దగ్రస్థానము గాంధారిదే. పడకయు నామె సరసనే. నడకయు నామె చేతితోడనే. కావునఁ బదప్రయోగ మర్థమున కనుగుణమై యున్నదనుట సాహసము కాదు.

అంతియ కాదు. అదే ప్రసంగమునఁ గుంతి రెండవ ప్రతిజ్ఞగూడఁ జేసినది. వనవాసులైన పెద్దలను గొలిచి, తపస్సుచేఁ దన కళేబరమును శోషింపఁజేసికొందు నన్నది. భీముఁడు, రాజ్యము గెలువుమని మమ్ముఁ బురికొల్పిన నీవే యిపుడు మమ్ము విడుచుట యేలయని యడిగెను. మీరు నశింపకుండుటకై యపుడు పురికొల్పితిని, కొడుకులు గెలిచిన రాజ్యమును దాననుభవింపఁ గోరలేదని యామె బదులు చెప్పెను. ఈ మాటలను బట్టి కుంతిది వైరాగ్యమని కొందఱు, సేవాధర్మమని కొందఱు వాదింతురు. గ్రంథమున రెండును గలవు. రెండు నున్న వనుటలోనే చిక్కున్నది. సేవకు దేహబలము కావలయును. తపస్సు దేహబలమును వ్యయపఱచును. ఒకే వృద్ధదేహమును రెండు ధర్మములకుఁ దాకట్టుపెట్టిన, అది రెంటికిని నెన్నాళ్లు చాలును? పర్వము నడుపుచున్న ప్రశ్న యిదియే.

సేవార్థకములుగా నమరసింహుఁడు వరివస్య, శుశ్రూష, పరిచర్య, ఉపాసన యను నాలుగు పదములను జెప్పెను. కోశమునఁ బర్యాయములైనను వ్యుత్పత్తిచే నివి వేఱువేఱు. వరివస్య గౌరవించుట. శుశ్రూష శ్రుధాతువునకు సన్నంతరూపము. వినఁగోరుట దాని మొదటి యర్థము. ఉపాసన దగ్గఱఁ గూర్చుండుట. పరిచర్య చుట్టును దిరుగుట. ముదిమివచ్చినవారు పెద్దలను గౌరవింపఁగలరు, మాట వినఁగలరు, చెంతఁ గూర్చుండఁగలరు. తిరుగుట యొక్కటియే కష్టము. నీరు తెచ్చుట, త్రోవ చూపుట, లేవనెత్తుట, పడక పఱచుట యనునవి పరిచర్యలోనివి. వీనికిఁ గాళ్లును నడుమును గావలయును. వృద్ధుఁడు వృద్ధునకుఁ దోడుండుట మంచిదని యెల్లరు నొప్పుకొందురు. ఆ తోడు ఉపాసనగా నిలువక పరిచర్యగా మాఱినపుడు కలుగు కష్టమును జూపుటయే యీ పర్వముయొక్క విశేషము.

మొదటి రాత్రి భాగీరథీతీరమున గడచెను. విదురసంజయులు రాజునకు దర్భశయ్య పఱచిరి. కుంతి గాంధారి సరసఁ బండుకొనెను. పిదప వారు కురుక్షేత్రముననున్న శతయూపుని యాశ్రమము చేరి వనవాసదీక్ష గైకొనిరి. సేవించువా రిపుడు కుంతి, విదురుఁడు, సంజయుఁడు. వీరిలో యువకుఁ డెవఁడును లేఁడు. కొంతకాలమునకుఁ బాండవులు తల్లిని జూడఁగోరి పురజనులతో వచ్చిరి. ఆశ్రమమున వృద్ధులు లేరు. స్నానమునకును బూలకును నీటికిని యమునకుఁ బోయిరని తాపసులు చెప్పిరి. కొడుకులు కాలినడక నెదురేఁగఁగా దూరమున వారు కానవచ్చిరి. సహదేవుఁడు పరుగున పోయి తల్లి పాదములపైఁ బడి యేడ్చెను. ఆమె వానిని లేవనెత్తి, సహదేవుఁడు వచ్చెనని గాంధారికిఁ దెలిపెను. పిదపఁ దక్కిన కొడుకులను జూచి త్వరపడి నడవసాగెను. తరువాతఁ బాండవులు వృద్ధుల చేతులనుండి నీటికడవలను దామే యందుకొనిరి.

ఈ చోటఁ గవి కుంతికి వాడిన విశేషణము కర్షంతీ యనునది. పుత్రహీనులైన యా దంపతులను లాగుచు ముందు నడచుచున్నదని యర్థము. నడిపించుచు ననలేదు, వెంటఁబెట్టుకొని యనలేదు, లాగుచు ననెను. కృషధాతువునకు దున్నుటయు, ఈడ్చుటయు నర్థములు. దుక్కిటెద్దు కాఁడి నీడ్చినట్లు ఈడ్చుట. కొడుకులను జూచిన తల్లికిఁ బరుగెత్తవలయునని యున్నది. వెనుక నిద్దఱు వృద్ధుల బరువున్నది. ఆ బరువును విడువలేదు, త్వరను మానుకొనలేదు. ఈ రెంటి నడుమ నామె దేహ మెట్లు వంగియుండునో యొక్క శత్రంతపదము చెప్పివేసినది. అలసెనని కుంతి యొకమాటయు నెచ్చటను బలుకలేదు. కవి యామెచేఁ బలికింపలేదు. పలికించియున్న నది ఫిర్యాదు వంటి దయ్యెడిది. ధాతువులోనే శ్రమను దాఁచుటచే నది సహృదయుని హృదయమునకుఁ దనంత నందుచున్నది.

వృద్ధుల చేతులలోని నీటికడవలుగూడఁ దలఁపవలసినవే. కొడుకులు వచ్చిన దినమున నవి కొడుకుల చేతికి మాఱినవి. తక్కిన దినముల నెవరు మోసిరి? కవి యడుగలేదు; చదువరి యడుగవలయును. ఒక్కదినపు సాయము నిజమైనదే, ప్రేమయు నిజమైనదే. మఱునాఁటికిఁ గడవ మరలఁ బాఁతచేతులకే చేరును.

ఈ రాకలోనే విదురుఁడు గతించెను. ఆహారము మాని, యెముకలగూడై, యొంటిగాఁ దిరుగుచున్న యాతఁడు ధర్మరాజు నెదుటఁ జెట్టున కానుకొని నిలిచి, యోగబలమున నాతనియందుఁ బ్రవేశించెనని కథ. తత్త్వదృష్టి కిది ధర్మము ధర్మమునఁ గలియుట. గృహదృష్టికి సేవించు మువ్వురిలో నొకఁడు తగ్గుట. పాండవులు మరలునపుడు సహదేవుఁడు, తాను దల్లిని విడువఁజాలననియు, అచటనే యుండి తపస్సు చేయుచుఁ బాదసేవ చేయుదుననియుఁ బలికెను. బలము గలవాఁడు, ప్రియమైనవాఁడు, తానై కోరినవాఁడు. కుంతి వానిఁ గౌఁగిలించుకొని వలదనెను. కొడుకుపై మమత తమ తపస్సునకు భంగము చేయు ననెను. ఈ నిరాకరణము ధీరమైనదే. ఐనను, ఒకరిని సేవించుటకుఁ దాను సిద్ధమైయుండి, తన్ను సేవించుట కొకరిని రానీయకుండుట సేవకులలోఁ దఱచుగాఁ గానవచ్చు స్వభావము. చేయి చాఁచుట వారికిఁ దెలియును. చేయి యందుకొనుట తెలియదు. వ్యాసుఁ డిచట మెచ్చనులేదు, నిందింపనులేదు. సహదేవుఁడు మరలిపోయెను, పిదప నేమయ్యెనో చెప్పెను.

రెండేండ్లకు నారదుఁడు హస్తినకు వచ్చి కడపటి వార్త చెప్పెను. పాండవులు మరలినపిదప వృద్ధులు గంగాద్వారమునకుఁ బోయిరి. ధృతరాష్ట్రుఁడు గాలియే యాహారముగా నుండెను. గాంధారికి నీరే యాహారము. కుంతి మాసోపవాసిని. సంజయుఁ డాఱవ భోజనకాలమున నొకసారి భుజించువాఁడు. నిలుకడయైన నెలవు లేక వన మంతయుఁ దిరుగుచుండిరి. మిట్టపల్లములలో రాజును నడిపించువాఁడు సంజయుఁడు. గాంధారికిఁ గన్ను కుంతి. ఆహారనియమములను జెప్పి, వెంటనే యెవ రెవరిని నడిపించిరో చెప్పిన యీ క్రమము యాదృచ్ఛికమని తోఁపదు. నెల కొకమాఱు భుజించు వృద్ధురాలు మఱియొక వృద్ధురాలికిఁ గన్నై యడవిఁ దిరుగుచున్నది.

అంతటఁ గారుచిచ్చు పుట్టెను. ఉపవాసములచేఁ బ్రాణబలము తగ్గిన రాజు తొలఁగిపోఁజాలఁడయ్యె. తల్లు లిద్దఱును మిక్కిలి కృశించియుండి కదలఁజాలరైరి. ఇచటఁ బ్రయుక్తమైనది కృశశబ్దము. నాఁడు యమునాతీరమునఁ గర్షంతి యన్న కవి నేఁడు కృశ యనుచున్నాఁడు. కృషధాతువు వేఱు, కృశధాతువు వేఱు; ఒకటి మూర్ధన్యాంతము, ఒకటి తాలవ్యాంతము. ఒకటి యీడ్చుట, ఒకటి సన్నగిల్లుట. శబ్దశాస్త్రమున వీనికి సంబంధము లేదు. కథలో మాత్ర మీడ్చినది సన్నగిల్లినది. గాంధారితోపాటు కుంతినిగూడ నొక్క పదముననే కవి చేర్చుట గమనింపఁదగినది. మూఁడేండ్లక్రిందట నొకతె నడిపించునది, ఒకతె నడిపింపఁబడునది. నిప్పు వచ్చునాఁటి కా భేదము లేదు. కన్నున్నది, త్రోవ తెలియును, కాళ్లలో బలము లేదు. సేవించువారి బలమును జూచుకొననిచో సేవ తుది కెచటికి వచ్చునో యింతకంటె స్పష్టముగాఁ జెప్పుట యెట్లు?

ధృతరాష్ట్రుఁడు సంజయుని దప్పించుకొని పొమ్మనెను. ఇల్లు విడిచి వచ్చినవారి కిట్టి మృత్యువు కీడు కాదనెను. మువ్వురును దూర్పుమొగముగాఁ గూర్చుండి యోగనిష్ఠ నగ్నికి నాహుతియైరి. సంజయుఁడు గంగాతీరతాపసులకు వార్త చెప్పి హిమవంతమునకుఁ బోయెను. నలువురిలో నాహార మించుకయైనఁ గ్రమముగాఁ గొన్నవాఁ డతఁ డొక్కఁడే. మంటనుండి వెలువడినవాఁడు నతఁ డొక్కఁడే. దీనిని గారణకార్యములుగా గ్రంథము చెప్పలేదు. చెప్పిన వివరముల నొక్కచోఁ జేర్చినఁ గలుగు తలఁపును మాన్పుటయు సాధ్యము కాదు.

వార్త విన్న ధర్మరాజు, ఖాండవమునఁ దృప్తి నందించిన సవ్యసాచి తల్లినే కాల్చిన యగ్ని కృతఘ్నుఁడని విలపించెను. నారదుఁ డోదార్చుచు, అది వృథాగ్ని కాదనియు, ధృతరాష్ట్రుని యిష్టి ముగిసినపిదప యాజకు లడవిలో విడిచిపోయిన యాతని యగ్నులే పెరిగి కారుచిచ్చైన వనియుఁ జెప్పెను. వైదికదృష్టికిఁ దన యగ్నిలోఁ దాను గలియుట శ్రేయస్సు. కాని యా మాటలోనే మఱియొక సత్యమున్నది. ఆ యగ్ని దిక్కుమాలి వదలఁబడిన యగ్ని. దానిని గనిపెట్టియుండువారు లేకపోయిరి. కనిపెట్టువారు లేని వృద్ధులను, కనిపెట్టువారు లేని నిప్పు చుట్టుకొన్నది.

ఇట్లు చదువుట శాంతరసమునకు హాని యని యొక యాక్షేపము కలుగవచ్చును. భారతమునకు శాంత మంగియని యానందవర్ధనుఁడు ధ్వన్యాలోకమున సిద్ధాంతీకరించెను. ఆ సిద్ధాంత మచలము. ఐనను అంగి యున్నపు డంగము లుండును. వైరాగ్యము పుట్టుటకు ముందు దుఃఖము దుఃఖముగాఁ దెలియవలయును. కుంతి శ్రమను జూడక యామె ముక్తినిమాత్రము చూచువానికి శాంతము కాదు, ఔదాసీన్యము కలుగును. మఱియొక యాక్షేపము: ఇది నేఁటి చింతను బాఁతకథకుఁ దగిలించుట యని. కర్షంతి, కృశ యను పదములు నేఁటివి కావు. మూఁపుపైఁ జేయి నేఁటిది కాదు. గ్రంథమున లేనిదానిఁ దెచ్చుట దోషము. ఉన్నదానిని జూడకుండుటయు దోషమే.

ఐనను నేఁటివా రీ విషయము నేమని కనుగొనిరో తెలిసికొనుట యుపకారకము. వార్ధకదౌర్బల్యమును గుర్తించుటకు 2001లో అమెరికాదేశపు వైద్యురాలు లిండా ఫ్రీడ్ ప్రభృతు లైదు లక్షణములను జెప్పిరి: తలఁపకయే బరువు తగ్గుట, అలసట, పిడికిటిబలము సన్నగిల్లుట, నడక మందగించుట, శరీరవ్యాపారము తగ్గుట. మూఁడున్న దౌర్బల్యము స్థిరమని నిర్ణయము. కుంతి కృశించుట వ్రతముచేతఁ గాన నీ కొలఁత నామెకుఁ బట్టించుట తగదు. ఆ దేశముననే 1999లో రిచర్డ్ షుల్జ్, స్కాట్ బీచ్ అనువారు ప్రకటించిన పరిశోధనము మఱింత సన్నిహితము. 66 మొదలు 96 ఏండ్లవఱకు వయస్సు గలిగి, యశక్తులైన భార్యలకో భర్తలకో సేవ చేయువారిని వారు నాలుగేండ్లు గమనించిరి. సేవచే నలసట పొందుచున్నవారిలో మరణసంభావ్యత, సేవాభారము లేని సమవయస్కులకంటె నూటికి 63 వంతులు హెచ్చుగా నుండెను. సేవ చేయుచును అలసట పొందనివారిలో నట్టి హెచ్చు తేలలేదు. అనఁగా సేవ దోషము కాదు. సాయము లేని సేవలోని యలసటయే దోషము.

మన దేశమున 2011 జనగణనము నాఁటికే 60 ఏండ్లు నిండినవారు 10 కోట్లకుఁ బైఁబడిరి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణమునకై 2007లో చట్టము పుట్టినది. అందు వృద్ధుఁడు పోషింపఁబడఁదగినవాఁడుగాఁ గానవచ్చును, అది యవసరమే. కాని సంతానము దూరదేశములలో నుండఁగా, మంచముపట్టిన భర్తకు మోఁకాళ్లనొప్పితో నన్నము పెట్టు భార్య, తొంబదియేండ్ల తల్లిని లేవనెత్తు నఱువదియైదేండ్ల కూఁతురు ఆంధ్ర తెలంగాణముల గ్రామగ్రామమునను గలరు. వీరిని జూచువారు, ఎంత పుణ్యాత్మురాలో యని మెచ్చి వెడలిపోవుదురు. ఆ మెప్పు కుంతికి లోకమిచ్చిన మెప్పు వంటిదే. అది కడవ బరువును దగ్గింపదు.

కావున నాశ్రమవాసపర్వమును వృద్ధసేవా ప్రశంసగామాత్రము చదువుట యర్ధపఠనము. కుంతి సేవ మహత్తరము. దానిని దక్కువచేయు నుద్దేశము వ్యాసునకు లేదు, చదువరికి నుండరాదు. కాని మహత్తరమన్న మాటతో నామె మూఁపును మఱుఁగుపఱచుటయు వ్యాసునకు సమ్మతము కాదు. ఆయన యామెను ముందు నడిపించెను, లాగించెను, ఉపవసింపఁజేసెను, కడకుఁ గదలలేనిదానిగాఁ జూపెను. నడుమ సహదేవునిచే నొక్కమాఱు సాయము పలికించెను. వృద్ధశబ్దము వృద్ధిని జెప్పు ధాతువునుండి పుట్టినది; జీర్ణశబ్దము వయోహానిని జెప్పు ధాతువునుండి పుట్టినది. ఒక్క మానిసియే ధర్మమున వృద్ధ, దేహమున జీర్ణ. మొదటిదానికి నమస్కరించువారు రెండవదానికిఁ జేయి యందింపవలయును. వలదని యామె పలికినను, సహదేవుఁడు మరలిపోకున్న బాగుండెడిదని యీ పర్వము చదివిన ప్రతివానికిఁ దోఁపకమానదు. ఆ తలఁపు పుట్టించుటయే కవి ప్రయోజనమని విజ్ఞులు గ్రహింతురుగాక.